పది నిమిషాల ఉపన్యాసం వద్దు, మూడు సూత్రాలు చాలు

ప్రశ్న: యోగ శిక్షణ పూర్తిచేసి ఏడాది అయింది. ఉదయం పూట పన్నెండు మందికి ఆసనాలు నేర్పుతున్నాను. అందరూ కొత్తవాళ్లే. ఆసనాల వెనక ఉన్న తత్త్వాన్ని, సంప్రదాయాన్ని కూడా వాళ్లకు పరిచయం చేయాలని నా కోరిక. ఒకరోజు తరగతి చివర చిత్తవృత్తి నిరోధం, అంటే మనసు కదలికలను నిలపడం గురించి పది నిమిషాలు మాట్లాడితే ఇద్దరు గడియారం వైపు చూశారు. ఒకరు "ఇది మా మతానికి అడ్డు రాదు కదా?" అని అడిగారు. ఇంకొకరు "సూర్య నమస్కారాలు పతంజలి చెప్పినవేనా?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంతవరకు చెప్పాలి?
ఒక శిక్షకురాలు

సమాధానం:

నమస్కారం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట "జవాబు చెప్పలేకపోయాను" అన్నది. ఆ క్షణంలో ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు. మీరు చేయలేదు. యోగంలో మొదట పాటించాల్సిన ఐదు నియమాలను యమాలంటారు, వాటిలో రెండోది సత్యం. దాని గురించి ఒక్క మాటైనా చెప్పకముందే ఆ పన్నెండు మంది ముందు మీరు దాన్ని పాటించారు. తత్త్వం ఎలా పరిచయం చేయాలన్న మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ముందు ఆ పది నిమిషాల సంగతి చూద్దాం. నేను నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో, మొదటి వారంలోనే సాంఖ్య దర్శనం ప్రపంచాన్ని విడదీసి చెప్పిన 25 తత్త్వాలను నల్లబల్ల మీద రాసి వివరించాను. ప్రకృతి, మహత్తు, అహంకారం, తన్మాత్రలు, భూతాలు, చివరికి పురుషుడు. మోకాళ్ల నొప్పితో వచ్చిన ఒక పెద్దావిడ ఆ తరవాత రావడం మానేశారు. కొన్ని నెలలకు ఎదురుపడితే కారణం అడిగాను. "మీరు చెప్పింది గొప్ప విషయమేనని అనిపించింది. కానీ అందులో నేను ఎక్కడున్నానో తెలియలేదు" అన్నారు. నేను చెప్పిన దాంట్లో తప్పు ఒక్కటీ లేదు. అయినా ఆవిడకు అందులో చోటు లేకపోయింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నేర్చుకునేవాళ్లు తమ ఒంట్లోనో మనసులోనో ముందుగా చూసుకున్న దానికే శాస్త్రంలోని మాటను జతచేస్తాను. చూడని దానికి మాట ఇవ్వను. మీకు చెప్పదలచుకున్నది కూడా ముఖ్యంగా ఇదే.

ఆ మాటల్లో మొట్టమొదటిది యోగం. తెలుగువాళ్లకు ఇక్కడ గొప్ప సౌకర్యం ఉంది. ఉద్యోగం, ప్రయోగం, ఉపయోగం, వియోగం, యోగ్యత అని రోజంతా మనం అంటూనే ఉంటాం. "ఆ యోగం నాకు లేదు" అని నిట్టూరుస్తాం. వాటన్నిటిలోనూ ఉన్నది ఒకటే మాట. "యోగా" అన్న దీర్ఘం మాత్రం ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి మన దగ్గరికి వచ్చింది. తరగతిలో మొదటిరోజు నుంచీ యోగం అనే అనండి. అది తమకు ఎప్పటి నుంచో తెలిసిన మాటేనని వాళ్లకే తడుతుంది.

అర్థం చెప్పేటప్పుడు మాత్రం తొందర వద్దు. "జీవాత్మ పరమాత్మల కలయికే యోగం" అని ఒక్క వాక్యంలో తేల్చేయడం మనకు అలవాటు. కొన్ని సంప్రదాయాల్లో ఆ అర్థం నిజమే. సంస్కృత ధాతుపాఠంలో యుజ్ అన్న ధాతువుకు కలపడం అన్న అర్థం ఉంది, సమాధి అన్న అర్థమూ ఉంది. పతంజలి యోగసూత్రాలకు భాష్యం రాసిన వ్యాసుడు రెండోదాన్ని తీసుకుని "యోగః సమాధిః" అన్నాడు. భోజరాజు తన వ్యాఖ్య ఆరంభంలో ఇంకా ముందుకు వెళ్లి, పురుషుడికీ, అంటే లోపలి చైతన్యానికీ, ప్రకృతికీ జరిగే వియోగాన్నే పతంజలి యోగమన్నాడని ఆశ్చర్యపోతాడు. భగవద్గీత ఆరో అధ్యాయం కూడా దుఃఖంతో ఉన్న సంయోగానికి వియోగమే యోగమంటుంది. కలవడమూ యోగమే, విడివడడమూ యోగమే. కొత్తవాళ్లకు ఇంత వివరం అక్కరలేదు. కానీ ఇది మీ మనసులో ఉంటే, వాళ్లకు చెప్పే ఒక్క వాక్యం కూడా ఇరుకుగా ఉండదు.

ఇక అసలు ప్రారంభం. పతంజలి యోగసూత్రాలు 195. కొన్ని ప్రతుల్లో 196 ఉంటాయి. వాటిలో ఆసనం గురించి నేరుగా మాట్లాడేవి మూడే మూడు. రెండో భాగమైన సాధనపాదంలో 46, 47, 48. మీరు నేర్పేది ఆసనాలు కాబట్టి తలుపు ఇక్కడే ఉంది. మొదటి సూత్రాలతో మొదలుపెట్టాలన్న నిబంధన ఏమీ లేదు.

"స్థిరసుఖమాసనమ్." కదలకుండా ఉండాలి, హాయిగానూ ఉండాలి. ఈ వాక్యాన్ని వివరించకండి, అడగండి. వాళ్లు వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడి ఉండగా "స్థిరంగా ఉందా?" అని అడగండి. రెండు శ్వాసలు ఆగి "సుఖంగా ఉందా?" అని అడగండి. పళ్లు బిగించి నిలబడ్డవాళ్లకు స్థిరం దొరికి సుఖం పోయి ఉంటుంది. నడుము జారవిడిచినవాళ్లకు సుఖం దొరికి స్థిరం పోయి ఉంటుంది. రెండూ కలిసే చోటు ఒక్కొక్క శరీరానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. అది బయటి నుంచి మీకు కనబడదు. లోపలి నుంచి వాళ్లే వెతుక్కోవాలి. ఆ వెతుకులాట మొదలైతే పాఠం మొదలైనట్టే. మీరు ఇంకేమీ చెప్పనక్కరలేదు.

ఒక నిజం మాత్రం దాచకండి. పతంజలి ఈ మాట చెప్పింది ధ్యానానికి కూర్చునే భంగిమ గురించి. వ్యాసభాష్యంలో పద్మాసనం, వీరాసనం, భద్రాసనం, స్వస్తికం, దండాసనం వంటి పేర్లు ఉన్నాయి. వృక్షాసనం లేదు, త్రికోణాసనం లేదు. నిలబడే ఆసనాలకు ఈ సూత్రాన్ని అన్వయించింది తరవాతి కాలపు ఆచార్యులు. ఆ అన్వయం బాగుంది, పనికొస్తుంది. అయినా అన్వయాన్ని అన్వయమనే చెప్పాలి.

రెండో సూత్రం "ప్రయత్నశైథిల్యానంతసమాపత్తిభ్యామ్." ప్రయత్నాన్ని సడలించడం వల్ల, అనంతంలో మనసు లీనం కావడం వల్ల ఆసనం సిద్ధిస్తుందని. నాకు ఈ మూడింటిలో ఇదే ప్రాణం. కొత్తవాళ్లు ఏ ఆసనం వేసినా దానితో సంబంధం లేని అవయవాలు కూడా పనిచేస్తుంటాయి. దవడ బిగుస్తుంది. కనుబొమలు ముడుచుకుంటాయి. కాలివేళ్లు చాపను పట్టుకుంటాయి. "ఈ ఆసనానికి అక్కరలేకపోయినా పనిచేస్తున్నది ఏది?" అని అడగండి. ఒక్కొక్కటిగా వదిలేయమనండి. కనుబొమలు ముడిస్తే మోకాలు బలపడదని వాళ్లకే తెలుస్తుంది. ఇంట్లో, పనిలో తాము ఎంత అనవసరపు బిగువు మోస్తున్నారో కొందరు ఆ క్షణంలోనే గుర్తుపడతారు. మీరు చెప్పకుండానే కొందరి కళ్లు చెమ్మగిల్లడం నేను చూశాను. ఇక అనంతం అంటే ఏమిటన్న విషయంలో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయంతో లేరు. భూమిని కదలకుండా మోసే ఆదిశేషుడని వాచస్పతి మిశ్రుడి వ్యాఖ్య. ఆకాశం వంటి అంతులేనితనమని భోజుడి వ్యాఖ్య. పురాణకథ ఇష్టపడేవాళ్లకు మొదటిది, ఇష్టపడనివాళ్లకు రెండోది చెప్పండి. రెండూ సంప్రదాయంలోనివే.

మూడోది "తతో ద్వంద్వానభిఘాతః." అప్పుడు చలి వేడి వంటి జంటలు దెబ్బతీయవని. దీన్ని ఏదో ఒకరోజు ఫ్యాను ఆగిపోయినప్పుడు చెప్పండి.

ఈ మూడూ ఒంటబట్టడానికి రెండు నెలలు పడితే పట్టనివ్వండి. ఈలోగా ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "ఒళ్లు నిలుస్తోంది గానీ మనసు నిలవడం లేదండీ" అని. మీరు ఎదురుచూడాల్సింది ఆ మాట కోసమే. "యోగశ్చిత్తవృత్తినిరోధః", చిత్తవృత్తులు నిలవడమే యోగం అన్న సూత్రాన్ని ఆ రోజు చెప్పండి. అది అప్పుడు ఉపన్యాసం కాదు, వాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు. మొన్న మీరు చెప్పిన రోజున ఆ ప్రశ్న ఇంకా ఎవరికీ పుట్టలేదు. గడియారం చూసినవాళ్ల తప్పేమీ లేదు.

చెప్పేటప్పుడు వృత్తి అన్న మాటను వదిలిపెట్టకండి. తెలుగులో వృత్తి అంటే మనిషి చేసే పని, బతుకుతెరువు. చిత్తానికీ అలాగే ఒక పని ఉంది. పతంజలి దాన్ని ఐదు రకాలుగా చెప్పాడు: సరిగ్గా తెలుసుకోవడం, తప్పుగా తెలుసుకోవడం, మాటల మీద ఊహ అల్లడం, నిద్ర, జ్ఞాపకం. మొదటిదాన్ని గమనించండి. సరైన జ్ఞానం కూడా వృత్తే. అంటే ఇది చెడ్డ ఆలోచనలను తరిమేసే కార్యక్రమం కాదు. చిత్తం పని ఆపినప్పుడు చూసేవాడు తన రూపంలో తాను నిలుస్తాడని, లేకపోతే ఆ వృత్తులే తాననుకుంటాడని తరవాతి రెండు సూత్రాలు చెబుతాయి. "నాకు కోపం వచ్చింది" అనడానికీ, "కోపం వచ్చింది, అది వచ్చినట్టు నేను చూశాను" అనడానికీ ఉన్న తేడా ఇది. ఈ ఉదాహరణ ఎవరికైనా అందుతుంది. నిరోధమంటే ఆలోచనల పీక నొక్కడమని అనుకుని కొత్తవాళ్లు కళ్లు గట్టిగా మూసుకుని కుస్తీ పడతారు. దానికి సాధనం అభ్యాసం, వైరాగ్యం అని పతంజలే చెప్పాడు. వ్యాసుడు అక్కడ ఒక చక్కని పోలిక ఇస్తాడు. చిత్తమనే నది రెండు వైపులా ప్రవహిస్తుందట, మేలు వైపూ కీడు వైపూ. వైరాగ్యం ఒక పాయకు అడ్డుకట్ట వేస్తే అభ్యాసం రెండో పాయను తెరుస్తుంది. వాళ్లకు నదిని చూపించండి, కుస్తీ తగ్గుతుంది.

యమనియమాలను వరసగా బల్ల మీద రాయవద్దని నా సలహా. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అని చదివితే నీతిపాఠంలా వినబడి అందరూ తల ఊపి మరిచిపోతారు. పక్కవాళ్లను చూసి తన మోకాలిని బలవంతంగా మడుస్తున్న మనిషి దగ్గరికి వెళ్లి, "అహింస మీ మోకాలితో మొదలుపెట్టండి" అని మెల్లగా చెప్పండి. మిగిలిన యమనియమాలన్నిటికీ మూలం అహింసేనని వ్యాసుడి మాట, కాబట్టి అది ఒక్కటి తెలిసినా చాలా దూరం వెళ్లినట్టే.

ఇప్పుడు సూర్య నమస్కారాల ప్రశ్న. కాదు, అవి పతంజలి చెప్పినవి కావు. సూర్యుడిని కొలవడం వేదకాలం నాటిది. సాగిలపడి మొక్కడం కూడా ప్రాచీనమే. కానీ ఇవాళ మీరు నేర్పే ఆసనాల గొలుసుగా, వ్యాయామంగా అది ఊరూరా వ్యాపించింది 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవానరావ్ పంత్ ప్రతినిధి దానికి ఎంతో ప్రచారం చేశాడు.

ఈ జవాబు విని ఎవరైనా నిరాశపడతారేమోనని భయపడవద్దు. మొత్తం కథ చెబితే ఎవరూ నిరాశపడరు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి, ఇంద్రియాలను స్థిరంగా నిలపడాన్నే యోగమంటారని చెబుతాడు. ఆ తరవాత ఎప్పుడో పతంజలి ఆ ఆలోచనలన్నిటినీ సూత్రాలుగా కూర్చాడు. ఆయన కాలం గురించి పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 5వ శతాబ్దం దాకా చెబుతారు. శరీరాన్నే సాధనంగా చేసుకున్న హఠయోగం మధ్యయుగంలో, నాథ సిద్ధుల వంటివారి చేతుల్లో పెరిగింది. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు హఠయోగప్రదీపికలో వర్ణించిన ఆసనాలు 15. తరవాత వచ్చిన ఘేరండసంహితలో 32. 1930ల్లో మైసూరు రాజు ఆశ్రయంలో తిరుమలై కృష్ణమాచార్య నడిపిన యోగశాలలో ఆసనాలు కొత్త రూపం దిద్దుకున్నాయి. ఆయన శిష్యులు బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి వాటిని ప్రపంచమంతా తీసుకువెళ్లారు. తాతలు కట్టిన ఇంటికి తండ్రులు వసారా దించారు, మనవలు మేడ వేశారు. మేడను కూడా తాతే కట్టాడని చెబితే తాతకు గౌరవం పెరగదు. మనవడి కష్టం మాత్రం మాసిపోతుంది. ప్రతిదానికీ ఐదువేల ఏళ్లు అని ముద్ర వేయడం నాకు బాధ కలిగిస్తుంది. మొహెంజొదారో ముద్ర మీద కూర్చున్న ఆకారాన్ని యోగి అని కొందరు అన్నారు, అయి ఉండవచ్చు కూడా. కానీ ఆ లిపిని ఇంకా ఎవరూ చదవలేకపోయారు. ఊహను ఊహగానే చెప్పండి.

మతం గురించి అడిగిన వ్యక్తికి మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. "దీనికీ మతానికీ ఏ సంబంధమూ లేదు" అని కొట్టిపారేయకండి. ఈ గ్రంథాలు కర్మ, పునర్జన్మ, మోక్షం అన్న ఆలోచనల నేలలో మొలిచినవి. ఆ నేల ఉందని ఒప్పుకోవాలి. "ఇదంతా ఒక్క మతానిదే" అన్నా అంతే తప్పు. పతంజలి చెప్పిన ఐదు యమాలే జైనుల ఐదు వ్రతాలు. ఆయన చెప్పిన మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అన్నవి బౌద్ధులు బ్రహ్మవిహారాలుగా సాధన చేసేవే. పతంజలికి పునాది అయిన సాంఖ్యంలో, ఈశ్వరకృష్ణుడి కారికల్లో, ఈశ్వరుడికి చోటు లేదు. పతంజలి ఈశ్వరుడిని తెచ్చాడు, కానీ "ఈశ్వరప్రణిధానాద్వా" అన్నాడు. చివర ఉన్న ఆ "వా" అంటే "లేదా" అని. మరికొన్ని సూత్రాల తరవాత "యథాభిమతధ్యానాద్వా", ఎవరికి ఇష్టమైనదాన్ని వాళ్లు ధ్యానించినా సరే అన్నాడు. హఠయోగం తొలినాటి గ్రంథమైన దత్తాత్రేయయోగశాస్త్రం ఇంకా విశాలంగా మాట్లాడింది. బ్రాహ్మణుడైనా, శ్రమణుడైనా, బౌద్ధుడైనా, జైనుడైనా, కాపాలికుడైనా, చివరికి చార్వాకుడైనా, శ్రద్ధతో నిత్యం అభ్యాసం చేస్తే సిద్ధి పొందుతాడని అంది. దేవుణ్ణి ఒప్పుకోని చార్వాకుడిని కూడా ఆ గ్రంథకర్త బయట నిలబెట్టలేదు. అది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

ఇదంతా చెప్పాక, ఓంకారం పలకడం, చేతులు జోడించడం వాళ్ల ఇష్టానికి వదిలేయండి. పలకనివాళ్లు ఆ సమయంలో తమ శ్వాసను వింటూ కూర్చోవచ్చు. వాళ్లను ఎవరూ వింతగా చూడకుండా ఆ మాట అందరి ముందూ, మొదటిరోజే చెప్పడం మంచిది.

చదువుకుంటామని అడిగేవాళ్లకు కఠోపనిషత్తులోని రథం పోలికతో మొదలుపెట్టమనండి. శరీరం రథం, ఆత్మ అందులో కూర్చున్న రథికుడు, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ఒక్కసారి వింటే మరిచిపోరు. తరవాత గీత ఆరో అధ్యాయం, 47 శ్లోకాలు. మనసును పట్టుకోవడం గాలిని పట్టుకోవడమంత కష్టమని అర్జునుడు మొరపెట్టుకుంటే, కృష్ణుడు "అసంశయం", సందేహమే లేదు అని ముందు ఒప్పుకుంటాడు. ఆ తరవాతే ఉపాయం చెబుతాడు. ధ్యానం కుదరలేదని నిరుత్సాహపడే ప్రతి ఒక్కరికీ ఈ చోటు చూపిస్తాను. కథ ఇష్టపడేవాళ్లకు భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పిన యోగం ఉంది, పోతన తెలుగులో చదువుకోవచ్చు. యోగసూత్రాల్లో మొదటి రెండు పాదాలు మంచి వ్యాఖ్యతో చదివితే చాలు. సిద్ధులు, అంటే అసాధారణ శక్తుల గురించిన మూడో పాదం ఇప్పుడే అక్కరలేదు. హఠయోగప్రదీపికలోని శుద్ధి క్రియలు, శ్వాసను బిగబట్టే కుంభకాలు పుస్తకం చూసి సొంతంగా ప్రయత్నించవద్దని గట్టిగా చెప్పండి.

చక్రాల గురించి అడిగితే, అవి ధ్యానంలో భావించుకునే స్థానాలని, గ్రంథానికీ గ్రంథానికీ వాటి సంఖ్య మారుతుందని చెప్పండి. వాటిని ఫలానా గ్రంథి, ఫలానా నరం అని వైద్యంతో ముడిపెట్టకండి. ఏ ఆసనం ఏ రోగాన్ని మాన్పుతుందన్న హామీలూ ఇవ్వకండి.

ఎంతవరకు చెప్పాలని అడిగారు. తరగతికి ఒక్క వాక్యం చాలు, అదీ ఆసనం మధ్యలో. శవాసనంలో మాత్రం ఏమీ చెప్పవద్దు. స్వాత్మారాముడి 15 ఆసనాల్లో శవాసనం కూడా ఉంది. అలసటను పోగొట్టి చిత్తానికి విశ్రాంతి ఇస్తుందని ఆయన అన్నాడు. ఆ విశ్రాంతిలోకి మన గొంతు దూరకూడదు. యోగాన్ని చెడగొట్టే ఆరింటిని కూడా ఆయనే చెప్పాడు. అతిగా తినడం, అతిగా శ్రమపడడంతో పాటు ప్రజల్పం, అంటే అతిగా మాట్లాడడం, అందులో ఉంది. నేర్పేవాళ్లకు అది మరీ ముఖ్యం.

రేపు ఉదయం తరగతి మొదలుకాకముందే సూర్య నమస్కారాల గురించి అడిగిన వ్యక్తి దగ్గరికి వెళ్లండి. "ఆ రోజు నాకు తెలియదు, తెలుసుకుని వచ్చాను" అని పతంజలి నుంచి ఔంధ్ దాకా రెండు నిమిషాల్లో చెప్పండి. మతం గురించి అడిగిన వ్యక్తితో విడిగా మాట్లాడండి, అందరి ముందూ వద్దు. ఆ తరవాత అందరినీ వృక్షాసనంలో నిలబెట్టి, గడియారం చూసిన ఆ ఇద్దరికీ వినబడేలా అడగండి, "స్థిరంగా ఉందా? సుఖంగా ఉందా?" అని.